వాలంటీర్‌గా ఉన్న ఇంటికి జంటగా వెళ్ళాలంటే

క్యాంప్‌హిల్ గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఆస్ట్రియా నుంచి శరణార్థిగా వచ్చిన డాక్టర్ కార్ల్ కోనిగ్, ఆయన తోటివాళ్ళు 1940లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ దగ్గర మొదలుపెట్టిన సామూహిక నివాసం ఇది. మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్ళూ, వాలంటీర్లూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బల్ల దగ్గర తింటారు. మనకు జీతం ఉండదు, చేతిఖర్చు ఇస్తారు. అలా ఏడాది ఉండి వచ్చినవాళ్ళకు పెళ్ళవగానే "నువ్వు కూడా చూడాలి" అనే ఆరాటం మొదలవుతుంది. మా ఆవిడని మూడుసార్లు తీసుకెళ్ళాను. మొదటిసారి అన్నీ తప్పులే చేశాను.

1. ముందు ఇంటి బాధ్యులకు రాయండి. సర్‌ప్రైజ్ ఇద్దామని నేరుగా దిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది హోటల్ కాదు. ఎవరు వస్తున్నారో, ఎక్కడ పడుకుంటారో వాళ్ళకు ముందే తెలియాలి. మూడు రాత్రులు అడగండి, నాలుగోది వద్దు. మంగళవారం దిగితే మంచిది. వారాంతంలో పనిషెడ్లు మూసి ఉంటాయి, చూడ్డానికేమీ ఉండదు.

2. వీసా. ఇద్దరూ విడివిడిగా బ్రిటన్ విజిటర్ వీసాకు అప్లై చేయాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే తీసుకుంటారు. చూడ్డానికి వెళ్తున్నామనే రాయండి, ఎందుకంటే ఈ వీసా మీద వాలంటీర్ పనే ముఖ్యోద్దేశంగా వెళ్ళడం కుదరదు.

3. సామాను. వానకోటు, బురదలో తిరిగే బూట్లు. స్వీట్లు తీసుకెళ్తే ఇంటి బాధ్యుల చేతికే ఇవ్వండి. షుగర్ ఉన్నవాళ్ళు, మింగడం కష్టమైనవాళ్ళు ఆ ఇంట్లో ఉండొచ్చు. అడగకుండా ఎవరినీ ఫోటో తీయకండి.

4. వెళ్ళిపోయే రోజు చెప్పడం. ఇక్కడే అందరూ చెడగొడతారు.

మనం గడప దాటేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. కాదనలేనప్పుడు "చూద్దాంలే" అంటాం. మన మధ్య వాటి అర్థం మనకు తెలుసు. అక్కడ మాటంటే మాటే. మొదటిసారి వెళ్ళినప్పుడు, ఏడాదిపాటు నాతో రొట్టెల పిండి పిసికిన పెద్దాయన నన్ను చూడగానే లోపలికెళ్ళి నా పాత ఏప్రన్ తెచ్చిచ్చాడు. దాని మీద పిండి ఎండి అట్ట కట్టి ఉంది. రేపు వస్తావా అన్నాడు. "చూద్దాం" అన్నాను. ఆ మరునాడు పొద్దున్నే అబర్డీన్ నుంచి రైలెక్కేశాం. తర్వాత మెయిల్ వచ్చింది: ఆయన నాలుగు రోజులు బేకరీ తలుపు దగ్గర ఏప్రన్ పట్టుకుని నిలబడ్డాడట. తప్పు పూర్తిగా నాదే.

అందుకే ఇప్పుడు కోటు విప్పకముందే చెప్తాను: "శుక్రవారం టిఫిన్ తిన్నాక వెళ్ళిపోతాం." వంటగది గోడ మీద క్యాలెండర్ ఉంటే అడిగి అందులో గీయిస్తాను. రోజూ పొద్దున అదే మాట మళ్ళీ చెప్తాను: ఇంకా రెండు రాత్రులు, ఇంకా ఒక్క రాత్రి. చెప్తే బాధపడతారని దాచేవాళ్ళున్నారు. చెప్పినప్పుడు ఆ పెద్దాయన కాసేపు మూతి ముడుచుకున్నాడు, అంతే, తర్వాత వచ్చి టీ అడిగాడు. చెప్పనప్పుడు ఏమైందో పైన రాశాను.

మళ్ళీ వస్తారా అని అడిగితే టికెట్ చేతిలో ఉంటేనే "అవును" అనండి. లేకపోతే "తెలియదు" అనండి. వినడానికి మొరటుగా ఉంటుంది, అయినా సరే. మీ జతకి కూడా ఇదే నేర్పండి. కొత్త ముఖం కనిపిస్తే కొత్త వాలంటీర్ అనుకుంటారు. మా ఆవిడ మొహమాటానికి నవ్వి తలూపితే, సాయంత్రానికి ఎవరెవరితో ఈతకు వెళ్ళాలో లిస్టు తయారైంది.

5. జతని పక్కన కూర్చోబెట్టుకోకండి. భోజనానికి ముందు అందరూ చేతులు పట్టుకుంటారు. ఆ చేయి మీది కాకుండా ఇంకెవరిదైనా అయితేనే పరిచయం మొదలవుతుంది. ప్రతి పాత జోకూ అనువదించే పని పెట్టుకోవద్దు, ఇద్దరికీ విసుగు. చేతికి బంగాళాదుంపలూ కత్తీ ఇచ్చి మీరు బయటికి నడవండి. గంట తర్వాత వచ్చేసరికి మా ఆవిడకి నాకు తెలియని సంగతులు తెలిసిపోయాయి, అందులో సగం నా మీద ఫిర్యాదులే.

6. బయల్దేరే పొద్దున దుప్పట్లు మీరే తీసి మెషిన్‌లో వేయండి. వీడ్కోలు గుమ్మం దగ్గరే, ఒక్కసారే. కారు దాకా రానివ్వకండి.