టెక్సస్ కాలేజీల్లో కొత్తగా చేరేవారికి టీఎస్‌ఐ పరీక్ష: ఎవరు రాయాలి, దరఖాస్తు ఎలా చేసుకోవాలి

టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీలోనో యూనివర్సిటీలోనో అండర్‌గ్రాడ్యుయేట్ చదువుకు చేరేవారు ఇంగ్లిష్‌లోనూ లెక్కల్లోనూ కాలేజీ స్థాయి పాఠాలు అందుకోగలరని ముందే రుజువు చూపించాలి. ఈ నిబంధన పేరు టెక్సస్ సక్సెస్ ఇనిషియేటివ్, అందరూ టీఎస్‌ఐ అంటారు. రుజువు కోసం రాసే పరీక్ష టీఎస్‌ఐఏ2. శాట్ పరీక్ష నిర్వహించే సంస్థ కాలేజ్ బోర్డు తయారుచేసే ఈ పరీక్ష 2021 జనవరి నుంచి అమల్లో ఉంది.

ఇది ప్రవేశ పరీక్ష కాదు. స్కోరు తగ్గినంత మాత్రాన కమ్యూనిటీ కాలేజీలో సీటు పోదు. అయితే మొదటి సెమిస్టర్‌లో ఏ క్లాసులు తీసుకోవచ్చో ఈ స్కోరే తేలుస్తుంది. తక్కువ వస్తే మామూలు కోర్సుతో పాటు అదనపు సహాయక కోర్సు కట్టబెడతారు, దానికి ఫీజూ సమయమూ వేరు. పరీక్ష గాని, మినహాయింపు గాని రికార్డులో లేకపోతే రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడుతుంది, అంటే క్లాసులు నమోదు చేసుకోనివ్వరు. సెమిస్టర్ మొదలయ్యే ముందు వారంలో ఈ హోల్డ్ చూసి పరుగెత్తేవాళ్లే ఎక్కువ. అప్పటికి టెస్టింగ్ సెంటర్లలో స్లాట్లు దొరకవు.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఈ పరీక్షతో పని పడేది ముఖ్యంగా ముగ్గురికి: హైస్కూల్లో ఉంటూనే డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్‌కూ కాలేజీకీ లెక్కకొచ్చే కోర్సులు) తీసుకునే పిల్లలకు, ఇండియాలో ఇంటర్ పూర్తిచేసి తల్లిదండ్రులతో వచ్చినవాళ్లకు, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటూ అకౌంటింగో నర్సింగ్‌కు ముందు కావాల్సిన కోర్సులో చదవాలనుకునేవాళ్లకు. ఎంఎస్‌కు వచ్చేవాళ్లకు టీఎస్‌ఐ వర్తించదు.

ముందు మినహాయింపు ఉందేమో చూసుకోండి

పరీక్ష స్లాట్ బుక్ చేసే ముందు చేయాల్సిన పని ఇదే. కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్‌లో ఇంగ్లిష్ భాగం (రీడింగ్, రైటింగ్ కలిపి) 480 వస్తే ఇంగ్లిష్‌కు, మ్యాథ్ 530 వస్తే లెక్కలకు మినహాయింపు. అలాంటిదే మరో పరీక్ష యాక్ట్‌కు 2023 ఫిబ్రవరి 15 నుంచి ఉన్న లెక్క: ఇంగ్లిష్, రీడింగ్ స్కోర్లు కలిపి 40, మ్యాథ్‌లో 22. రెండు పరీక్షల స్కోర్లూ రాసిన రోజు నుంచి 5 ఏళ్లు చెల్లుతాయి. మినహాయింపు సబ్జెక్టు వారీగా ఇస్తారు కాబట్టి శాట్ మ్యాథ్‌లో 560, ఇంగ్లిష్‌లో 470 వచ్చిన విద్యార్థి ఇంగ్లిష్ భాగం ఒక్కటి రాస్తే సరిపోతుంది. స్కోరు స్క్రీన్‌షాట్ పంపితే ఒప్పుకోరు. శాట్ అయితే కాలేజ్ బోర్డు ఖాతా నుంచి, యాక్ట్ అయితే దాని ఖాతా నుంచి నేరుగా కాలేజీకి వెళ్లేలా పెట్టాలి, అది రికార్డులోకి ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఇదివరకే డిగ్రీ ఉన్నవాళ్లకూ, మరో కాలేజీలో కాలేజీ స్థాయి కోర్సులు పాసై వచ్చినవాళ్లకూ మినహాయింపు ఉంది. ఇండియా డిగ్రీ అయితే మార్కుల మెమోలు నేరుగా ఇస్తే కుదరదు. కాలేజీ గుర్తించిన సంస్థ చేత ఇవాల్యుయేషన్ (మన చదువు ఇక్కడి దేనికి సమానమో చెప్పే నివేదిక) చేయించాలి. అందులో డిగ్రీ సమానత మాత్రమే చెప్పే రకం తీసుకోకండి, ఒక్కో సబ్జెక్టుకూ క్రెడిట్లు, గ్రేడు చూపే కోర్స్ బై కోర్స్ రకం అడగండి. బీటెక్‌లో చదివిన లెక్కలూ ఇంగ్లిష్ కమ్యూనికేషన్ పేపరూ అందులోనే కనిపిస్తాయి. ఆపైన నిర్ణయం ఆ కాలేజీదే.

ఇంటర్ మార్కులు, ఎంసెట్ లేదా ఈఏపీసెట్ ర్యాంకు, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ రాష్ట్ర నిబంధనల్లోని మినహాయింపుల జాబితాలో లేవు. ఎంపీసీలో 980 వచ్చినా పరీక్ష రాయాల్సిందే. సైన్యంలో పనిచేస్తున్నవారికీ, 42 క్రెడిట్లు మించని ఏడాది లోపు సర్టిఫికెట్ కోర్సుల్లో చేరేవారికీ వేరే వెసులుబాట్లు ఉన్నాయి.

దరఖాస్తు మెట్లు

మొదట కాలేజీకి దరఖాస్తు చేసుకోవాలి, చాలావరకు టెక్సస్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు వెబ్‌సైట్ అప్లైటెక్సస్‌లోనే. దానితో విద్యార్థి నంబరు వస్తుంది. పరీక్ష ఫలితం ఆ నంబరుకే అతుక్కుంటుంది.

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుపడేది పేరు దగ్గరే. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లో ఉంటే, అమెరికా వీసా మీద ఆ మొత్తం సర్‌నేమ్ అయి కూర్చుంటుంది, మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అప్లైటెక్సస్‌లో ఒకలా, టెస్టింగ్ సెంటర్ బుకింగ్‌లో ఒకలా, గుర్తింపు కార్డులో ఇంకోలా రాస్తే రెండు రకాల నష్టం: పరీక్ష గదిలోకి రానివ్వకపోవచ్చు, లేదా పరీక్ష రాశాక స్కోరు మీ రికార్డులో చేరదు. అన్నిచోట్లా మీరు ఆ రోజు చూపించబోయే కార్డులో ఉన్నట్టే, అక్షరం పోకుండా రాయండి. పుట్టిన తేదీ రాసేటప్పుడు నెల ముందు, తేదీ తరువాత అని గుర్తుంచుకోండి. 05/08 అంటే ఇక్కడ మే 8.

తరువాత ప్రీ అసెస్‌మెంట్ యాక్టివిటీ. ఇది ఆన్‌లైన్‌లో చేసేది, కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. పరీక్ష ఎందుకు, ఎలా ఉంటుంది, స్కోరు తగ్గితే ఏ దారులున్నాయో చెప్పి, కొన్ని నమూనా ప్రశ్నలు చేయిస్తుంది. చట్ట ప్రకారం ఇది తప్పనిసరి. పూర్తయ్యాక వచ్చే ధ్రువపత్రాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి, పరీక్ష రోజు అడుగుతారు. ఇది లేక సెంటర్ గుమ్మం నుంచి వెనక్కి వెళ్లినవాళ్లు ఉన్నారు.

ఆ పైన స్లాట్ బుక్ చేసుకుని ఫీజు కట్టాలి. ఫీజు ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది. ఇంటి నుంచి వెబ్‌క్యామ్ పర్యవేక్షణలో రాసే వీలు ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి, కానీ దగ్గరలో సెంటర్ ఉంటే అక్కడికే వెళ్లి రాయడం నయం. ఇంట్లో నెట్ పోయినా, గదిలోకి ఎవరైనా వచ్చినా పరీక్ష ఆగిపోతుంది. వైకల్యం వల్ల ప్రత్యేక ఏర్పాట్లు కావాలంటే బుకింగ్‌కు ముందే కాలేజీ డిసబిలిటీ ఆఫీసుకు రాయండి, ఆ రోజు అడిగితే కుదరదు.

పరీక్ష రోజు ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు అసలుది తీసుకెళ్లాలి. పాస్‌పోర్ట్ సరిపోతుంది. ఫోన్, వాచీ, సొంత కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు.

పరీక్ష ఎలా ఉంటుంది

సమయ పరిమితి లేదు. ఇంగ్లిష్‌లో 30 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, ఒక వ్యాసం. లెక్కల్లో 20 ప్రశ్నలు. మీ జవాబును బట్టి తరువాతి ప్రశ్న మారుతుంది కాబట్టి వదిలేసి ముందుకు పోవడం, వెనక్కి వచ్చి దిద్దుకోవడం కుదరవు. మనకు అలవాటైన పద్ధతి, వచ్చినవి ముందు చేసి రానివి చివర చూసుకోవడం, ఇక్కడ పనికిరాదు. ప్రతి ప్రశ్ననూ అక్కడే తేల్చుకుని కదలాలి. సమయం అడ్డు లేదు గనుక తొందరపడి పోగొట్టుకోకండి.

లెక్కల్లో కొన్ని ప్రశ్నలకే తెర మీద కాలిక్యులేటర్ వస్తుంది. బీజగణితం ఇంటర్ చదివినవాళ్లకు తేలికే. ఇబ్బంది పెట్టేవి అంగుళాలు, అడుగులు, గాలన్ల మార్పిడి లెక్కలు, గ్రాఫులు చూసి చెప్పే గణాంకాల ప్రశ్నలు. ఒక అడుగుకు 12 అంగుళాలు, గజానికి 3 అడుగులు, గాలన్‌కు 4 క్వార్ట్‌లు అన్నవి నోటికి వచ్చి ఉండాలి.

స్కోరు 910 నుంచి 990 వరకు ఉంటుంది. లెక్కల్లో 950 వస్తే సరిపోయినట్టే. 950 కంటే తగ్గితే వెంటనే 48 ప్రశ్నల డయాగ్నస్టిక్ పరీక్ష (ఏయే అంశాల్లో ఎంత వచ్చో చూసేది) వస్తుంది, అందులో 6వ స్థాయి వచ్చినా అర్హతే. చాలామంది అలసిపోయి ఈ రెండో భాగాన్ని ఏదో ఒకటి నొక్కి ముగించేస్తారు. అది రెండో అవకాశమని తెలియకపోవడమే కారణం. కాస్త నీళ్లు తాగి వచ్చి, ఓపికగా చేయండి.

ఇంగ్లిష్‌లో రెండు షరతులు ఒకేసారి తీరాలి: ఆబ్జెక్టివ్‌లో 945, వ్యాసానికి 8కి 5. 945 కంటే తగ్గితే డయాగ్నస్టిక్‌లో కనీసం 5వ స్థాయి, దానితో పాటు వ్యాసానికి 5 ఉండాలి. అంటే వ్యాసంలో 4 వస్తే ఆబ్జెక్టివ్‌లో 970 వచ్చినా అర్హత రాదు. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలు కూడా ఆగిపోయేది ఇక్కడే. ఒక చిన్న పేరా ఇచ్చి మీ అభిప్రాయం అడుగుతారు. దిద్దేది కంప్యూటరే. బట్టీ పట్టిన వ్యాసం, అంశం వదిలి సాగే ఉపోద్ఘాతం, పాయింట్ల జాబితా పనికిరావు. మొదటి పేరాలోనే మీ పక్షం ఏదో చెప్పేయాలి. తరువాత రెండు మూడు కారణాలు, ఒక్కోదానికి ఒక పేరా, ప్రతి పేరాలో ఒక ఉదాహరణ, ఎదుటి వాదనకు ఒక సమాధానం. 300 నుంచి 600 పదాలు. స్పెల్‌చెక్ ఉండదు కాబట్టి చివర ఒకసారి పూర్తిగా చదివి దిద్దుకోవాలి. కాలేజ్ బోర్డు వెబ్‌సైట్‌లో ఉచిత నమూనా పరీక్షలు ఉన్నాయి. వ్యాసం మాత్రం ఇంట్లో కీబోర్డు మీద రెండు మూడు సార్లు రాసి చూడండి, కాగితం మీద సాధన వేరు, టైపింగ్ వేరు.

స్కోరు వచ్చాక

ఫలితం పరీక్ష ముగియగానే వస్తుంది. ప్రింటు తీసుకోండి, 5 ఏళ్లు చెల్లుతుంది, మరో టెక్సస్ కాలేజీకి మారినా పనికొస్తుంది. పోయిన సబ్జెక్టు ఒక్కటే మళ్లీ రాయవచ్చు. రాష్ట్ర నిబంధన ఎన్నిసార్లు రాయవచ్చో హద్దు పెట్టలేదు గానీ కాలేజీలు మళ్లీ ఫీజు వసూలు చేస్తాయి, మధ్యలో ఎన్నాళ్లు ఆగాలో సొంత నియమాలు పెట్టుకుంటాయి. వ్యాసం ఒక్కటే తగ్గితే అదొక్కటే రాయనిస్తారేమో సెంటర్‌లో అడగండి.

మళ్లీ రాయడానికి వ్యవధి లేకపోతే కోరిక్విజిట్ పద్ధతి ఉంది: కాలేజీ ఆల్జీబ్రా లాంటి అసలు కోర్సూ, దానికి తోడు సహాయక క్లాసూ ఒకే సెమిస్టర్‌లో చదవాలి. 2017లో వచ్చిన హౌస్ బిల్ 2223 తెచ్చిన మార్పు ఇది. ముందు సంవత్సరమంతా క్రెడిట్ లేని కోర్సుల్లో గడిపే పాత పద్ధతి కంటే ఇది చాలా మేలు, భయపడాల్సింది లేదు.

ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ తీసుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. టీఎస్‌ఐ లెక్కల్లో అర్హత వచ్చినంత మాత్రాన నేరుగా కాల్క్యులస్‌లో కూర్చోనివ్వరు. డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీ సహా చాలా యూనివర్సిటీలు అందుకు అలెక్స్ అనే వేరే ప్లేస్‌మెంట్ పరీక్ష స్కోరు అడుగుతాయి. ఓరియంటేషన్ తేదీ ఖరారు కాగానే అలెక్స్ గడువు ఎప్పుడో చూసుకుని, దానికంటే ముందే రాసి పెట్టుకోండి.