వైన్ పుల్ల ఐసు గట్టిపడకపోయినా, ఇసుకలా తగిలినా కారణం ఎక్కడ వెతకాలి

ఏప్రిల్ వస్తే చాలు, నాకు ఒకటే రకం ఫోన్లు. "అక్కా, మూడు రోజులైంది, ఇంకా నీళ్లలాగే ఉంది." లోకార్బ్ (పిండిపదార్థాలు తగ్గించిన తిండి) మొదలుపెట్టి ఐస్‌క్రీమ్ మానేసినవాళ్లు, ఆదివారం నంది హిల్స్ వైపు షికారుకెళ్లి రెండు వైన్ సీసాలు పట్టుకొచ్చినవాళ్లు, చక్కెర లేకుండా వైన్ పుల్ల ఐసు చేద్దామని దిగుతారు. ఆలోచన మంచిదే. బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో నేనూ కొన్ని వేసవుల నుంచి చేస్తున్నాను, చెడగొట్టినవీ తక్కువేం కాదు. మౌల్డులో పోయడం, పుల్ల గుచ్చడం మీకు వచ్చనుకుని అవి వదిలేస్తున్నాను.

గట్టిపడటం లేదు

ముందు సీసా తిప్పి ఆల్కహాల్ ఎంత శాతమో చూడండి. తర్వాత మీరు పోసిన వైన్ ఎన్ని మిల్లీలీటర్లో గుర్తు చేసుకోండి. "ఏదో అందాజాగా పోశాను" అనేవాళ్లకి నా దగ్గర మందు లేదు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది గానీ, ఈ ఒక్కటి చూడకుండానే ఫ్రిజ్‌ని తిడతారు.

నీళ్లు 0 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. ఉత్త ఆల్కహాల్‌కి మైనస్ 114 కావాలి. 12, 13 శాతం ఉన్న వైన్ మైనస్ 5 ప్రాంతంలో గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మొదలు మాత్రమే పెడుతుంది. అందులోని నీరు ఐసుగా మారేకొద్దీ మిగిలిన రసంలో ఆల్కహాల్ ఘాటు పెరుగుతుంది, దానికి ఇంకా చలి కావాలి. అందుకే ఉత్త వైన్‌ని మైనస్ 18లో వారం ఉంచినా గోలా బండి మీద తురిమిన ఐసులా ఉంటుంది తప్ప పుల్లని పట్టుకోదు.

నా కొలత ఇది. మొత్తం 500 మి.లీ. అనుకుంటే అందులో 12.5 శాతం వైన్ 200 మి.లీ., మిగతా 300 ఆల్కహాల్ లేనిది. అంటే మొత్తంలో ఆల్కహాల్ 5 శాతం. పుల్ల ఐసుకి దీన్ని దాటొద్దు. గ్లాసులో స్పూనుతో తినేటట్టయితే 7, 8 దాకా పోవచ్చు. ఆ 300లో నేను దాల్చినచెక్క, రెండు లవంగాలు వేసి మరిగించి చల్లార్చిన నీళ్లు, కాస్త నిమ్మరసం, నాలుగు స్ట్రాబెర్రీల గుజ్జు పోస్తాను. డ్రై వైన్ 150 మి.లీ.లో పిండిపదార్థం 4 గ్రాముల లోపే. ఈ కొలతకి ఎనిమిది పుల్లలొస్తాయి, ఒక్కోదానికి పండుతో కలిపి గ్రామున్నర దాటదు.

"మరిగిస్తే ఆల్కహాల్ అంతా పోతుంది కదా, అప్పుడు ఎంతైనా పోయొచ్చుగా" అని మా మరిది వాదన. పోదు. సన్న సెగ మీద అరగంట ఉడికించినా దాదాపు మూడో వంతు అందులోనే ఉంటుంది. పులుపు, వగరు మాత్రం చిక్కబడి నాలుక పట్టేస్తుంది. మరిగించాం కదా అని పిల్లలకి పెట్టే ఆలోచన అసలు వద్దు.

కొలత సరిగ్గా ఉండీ గట్టిపడకపోతే అప్పుడు ఫ్రీజర్‌ని అనుమానించండి. "ఐసు ముక్కలు బాగానే అవుతున్నాయే" అంటారు. అవి అయ్యాయంటే లోపల సున్నా కంటే తక్కువ ఉందని మాత్రమే అర్థం. అది మైనస్ 4 కావచ్చు, మైనస్ 18 కావచ్చు. ఫ్రీజర్ గది మీద వేసే నక్షత్రాల గుర్తుల్లో ఒకటుంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18. తలుపు మీద కరెంటు ఆదా కోసం అంటించిన స్టిక్కరు నక్షత్రాలు వేరు, వాటికీ చలికీ సంబంధం లేదు. అద్దె ఇళ్లలో ఉండే చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఫ్రీజర్‌లో పెట్టే థర్మామీటరొకటి కొని రాత్రంతా ఉంచి చూడండి. మైనస్ 12 కూడా లేకపోతే వైన్ 200 కాదు, 120కి దించుకోండి.

గట్టిపడింది గానీ ఇసుక తిన్నట్టుంది

అసలు ఇది రాయడానికి కూర్చున్నదే దీనికోసం. ఒక వేసవంతా నన్ను ఏడిపించింది.

చేసిన రోజు రాత్రి తింటే అద్భుతంగా ఉండేది. మూడో రోజుకి పళ్ల కింద పలుకులు. ఐసు పలుకులే అనుకున్నాను. ఫ్రీజర్ తిన్నగా పనిచేయట్లేదని మెకానిక్‌ని పిలిపించాను. ఆయన వచ్చి, చెయ్యి పెట్టి చూసి, "మేడమ్, చెన్నాగిదే" (బాగానే ఉంది) అని విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. మౌల్డులు మార్చాను. పక్కింటివాళ్ల డీప్ ఫ్రీజర్‌లో పెట్టించాను. పైగా తీపి తగ్గినట్టనిపించి ప్రతిసారీ ఇంకో చెంచా స్వీటెనర్ కలిపాను. ప్రతిసారీ ఇసుక ఇంకా పెరిగింది.

ఒక సాయంత్రం సగం తిన్న పుల్లని స్టీలు పళ్లెంలో పెట్టి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయాను. తిరిగి చూస్తే ఐసంతా కరిగి ఎర్రటి నీళ్లయింది. ఆ నీళ్ల అడుగున, పటికబెల్లం చిదిపి చల్లినట్టు, తెల్లటి సన్న పలుకులు మెరుస్తున్నాయి. ఐసు కరిగాక కూడా మిగిలినవి ఐసెలా అవుతాయి? వేలితో రుద్ది నాలుకకి తగిలించాను. తియ్యగా, పుదీనా నమిలినట్టు చల్లగా ఉంది. ఎరిత్రిటాల్ అది, చక్కెర బదులు వాడే తీపి పొడి.

"నేను వాడేది స్టీవియా కదా" అని మీరంటారు. నేనూ అదే అన్నాను. డబ్బా ముందువైపు స్టీవియా అని పెద్దక్షరాలున్నాయి, ఆకు బొమ్మ కూడా ఉంది. వెనక సన్నక్షరాల్లో చూస్తే దాదాపు అంతా ఎరిత్రిటాలే, స్టీవియా పేరుకి చిటికెడు. స్టీవియా చక్కెర కంటే వందల రెట్లు తీపి. చక్కెరతో సమానంగా చెంచా లెక్కన వాడుకోవాలంటే దాన్ని వేరే పొడిలో కలిపి అమ్మాల్సిందే. మీ డబ్బా తిప్పి చూడండి, ఇప్పుడే.

జరిగేది ఇదీ. గది వేడిలో 100 గ్రాముల నీళ్లలో చక్కెర 200 గ్రాముల దాకా కరుగుతుంది. ఎరిత్రిటాల్ దానికంటే చాలా ముందే ఆగిపోతుంది, చల్లబడితే అదీ పట్టదు. ఆల్కహాల్‌లో దానికి ఇంకా పడదు. మీరు వేడి నీళ్లలో కలిపినప్పుడు శుభ్రంగా కరిగి కనిపిస్తుంది. ఫ్రీజర్‌లో నీరు ఐసైపోతూ ఉంటే మిగిలిన కాస్త రసంలో దానికి చోటు చాలదు, పలుకులై బయటపడుతుంది. ఒక్క రాత్రిలో అంతా జరగదు, మెల్లగా రెండు మూడు రోజులు పెరుగుతుంది. మొదటి రోజు రుచి చూసి బాగుందని ఊరందరికీ చెప్పేసి, శనివారం చుట్టాల ముందు పరువు పోగొట్టుకునేది అందుకే.

దీనికి తోడు చల్లటిది నోట్లో పడితే తీపి తక్కువగా తెలుస్తుంది. ఎరిత్రిటాల్ తీపి అసలే చక్కెరలో అరవై, డెబ్భై శాతం. పలుకుగా మారిన భాగం నాలుక మీద కరిగేదాకా తీపే ఇవ్వదు. తీపి చాలలేదని ఇంకా వేస్తాం, వేసింది ఇంకా పలుకులవుతుంది. నేను ఆ వేసవంతా తిరిగింది ఈ గానుగ చుట్టే.

తేల్చుకోవడానికి చిన్న పరీక్ష: చిన్న ముక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. ఐసు పలుకైతే వేళ్ల వేడికి వెంటనే మాయమవుతుంది. ఎరిత్రిటాల్ అయితే తడిసిన బొంబాయి రవ్వలా ఇంకాసేపు గరగరలాడుతుంది.

మందు ఏమిటంటే, 500 మి.లీ.కి ఎరిత్రిటాల్ 25 గ్రాములు దాటనివ్వకండి. మిగతా తీపి స్టీవియా చుక్కలతోనో సుక్రలోజ్ చుక్కలతోనో సరిపెట్టుకోండి, చుక్కలు పలుకు కట్టవు. అల్యులోజ్ (చక్కెర బదులు వాడే ఇంకో పొడి) దొరికితే నిక్షేపంగా వాడండి. అది చలిలోనూ కరిగే ఉంటుంది, ఐసు మెత్తగా కూడా వస్తుంది. అయితే అదెక్కువైతే మళ్లీ గట్టిపడదు, వైన్ కాస్త తగ్గించుకోవాలి. జాంథన్ గమ్ (చిక్కదనానికి వేసే పొడి) చిటికెడు వేస్తే పలుకు నెమ్మదిస్తుంది. దాన్ని పొడి స్వీటెనర్‌లో ముందే కలిపి చల్లండి, లేకపోతే ఉండలు కట్టి పీడిస్తుంది. పోసేముందు మిశ్రమాన్ని ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, మౌల్డులు ఫ్రీజర్ వెనక గోడకి ఆనించి పెట్టండి. ఎంత త్వరగా గట్టిపడితే పలుకు అంత సన్నం.

మెత్తగా పొడి చేసిన ఎరిత్రిటాల్ వాడితే సరిపోతుందని చాలామంది చెబుతారు. సరిపోదు. కరిగిపోయాక అది మొదట పొడో పలుకో దానికి గుర్తుండదు.

చెడిన బ్యాచ్ పారబోయకండి. కరిగించి, చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చన చేసి కలిపితే పలుకులు కరిగిపోతాయి. ఇంకో 150 మి.లీ. దాల్చినచెక్క నీళ్లు, నాలుగు తీపి చుక్కలు కలిపి మళ్లీ పోయండి. వైన్ మళ్లీ కలపొద్దు. ఈసారి మూడు రోజుల్లో తినేయండి.

చక్కెర వేయలేదు, అయినా మీటరులో షుగర్ పెరిగింది

సీసా మీద పోర్ట్ అని ఉందా? ఇక్కడ ఆ పేరుతో దొరికేది సాధారణంగా తీపి వైనే. బెంగళూరు బ్లూ ద్రాక్ష వాసన గుప్పుమంటుందని మనవాళ్లకి దానిమీద మమకారం, నాకూ ఉంది, కానీ లోకార్బ్‌కి పనికిరాదు. డ్రై అంటే మామూలుగా లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర, స్వీట్ అంటే 45 దాటినది. తేడా అంత. వైన్ డ్రైయే అయితే స్వీటెనర్ వెనక మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్, మాల్టిటాల్ ఉన్నాయేమో చూడండి. షుగర్ ఫ్రీ అని రాసినా మొదటి రెండూ గ్లూకోజ్‌కి అన్నదమ్ములే. ప్యాకెట్ జ్యూస్ పోసినవాళ్లు మీటరుని అనుమానించడం మానండి.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లకి ఇంకో సంగతి. లోకార్బ్‌లో ఉండగా ఆల్కహాల్ పడితే షుగర్ పెరగడం కాదు, ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకండి. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో ఒక పరిశోధన వచ్చింది. దానివల్లే అని తేలలేదు గానీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఇదీ ఆ డాక్టర్‌తోనే మాట్లాడండి.

మిగతావి

పైన తెల్లగా, అడుగున ముదురుగా ఉంటే మెల్లగా గడ్డకట్టిందని అర్థం. పైన చెప్పిన వెనక గోడ చిట్కానే. క్రీమ్ విరిగితే వైన్ పులుపే కారణం. ఎక్కువ కొవ్వున్న క్రీమ్ తీసుకుని, రెండూ చల్లగా ఉన్నప్పుడు, చివర్లో కలపండి. కడుపు ఉబ్బరమైతే స్వీటెనర్‌లో ఉన్నది మాల్టిటాలో జైలిటాలో అయ్యుంటుంది. జైలిటాల్ ఉంటే కుక్క ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త, దానికి విషం. పుల్ల నిలబడకపోతే గంటన్నర ఆగి గుచ్చండి. చల్లబడుతుందని సీసాని ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే పగులుతుంది, దానికి పరిష్కారం చీపురే.

పిల్లల పుల్ల ఐసు కూడా అదే ఫ్రీజర్‌లో ఉంటే రంగు చూసి తేడా కనిపెట్టలేరు. మా ఇంట్లో వైన్‌వి మూతున్న డబ్బాలో, పై అరలో, పుల్ల చివర ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టి పెడతాను.