డ్రిఫ్ట్ కోసం పాత ఈ46 బీఎండబ్ల్యూ: లక్షణం, కారణం, మరమ్మతు

అమెరికాలో డ్రిఫ్ట్ (వెనక చక్రాలను జార్చి బండిని పక్కవాటుగా నడపడం) బండి కట్టుకోవాలనుకునేవాళ్ల చూపు ముందు నిస్సాన్ 240ఎస్‌ఎక్స్ మీద పడుతుంది. ఆ పేరుకే రేటు పెరిగిపోయింది, అందులో తుప్పు లేని బాడీ దొరకడం గగనం. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న ఈ46 (1999-2006 మోడళ్ల 3 సిరీస్) అంతకంటే తెలివైన బేరం. 2001 నుంచి వచ్చిన 330ఐలో 225 హార్స్‌పవర్ ఎం54 ఇంజన్ ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది ఎక్కువే. పేరు చివర ఎక్స్‌ఐ ఉంటే నాలుగు చక్రాల డ్రైవ్, దాని జోలికి పోవద్దు. ఈ పని ఇండియాలో చేద్దామనుకుంటే, 3 ఏళ్లు దాటిన వాడిన కారును మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు.

ఇంజన్ పోతే ఇంకోటి తెచ్చి వేసుకోవచ్చు, బాడీ పోతే బండి పోయినట్టే. అందుకే బానెట్ ఎత్తే ముందు వెనక వైపు నుంచి చూడటం మొదలుపెట్టండి.

క్లచ్ వదలగానే వెనక నుంచి "టక్" అని చప్పుడు

దీనికి కారణాలు నాలుగు ఉండొచ్చు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి బలం తెచ్చే రాడ్) ముందు చివర ఉండే రబ్బరు డిస్కు పగలడం, డిఫరెన్షియల్ (ఆ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే గేరు పెట్టె) బుష్ (కుదుపు ఆపే రబ్బరు దిమ్మ) అరగడం, సబ్‌ఫ్రేమ్ (డిఫరెన్షియల్‌ను మోసే ఉక్కు చట్రం) బుష్‌లు చచ్చిపోవడం, లేదా సబ్‌ఫ్రేమ్ బిగించిన బాడీ ఫ్లోర్ రేకే చిరగడం. అమ్మేవాళ్లు మొదటిదే అంటారు, ఎందుకంటే అది చవక. ఈ46ని కొనాలా వద్దా అని తేల్చేది మాత్రం చివరిదే.

వెనక సబ్‌ఫ్రేమ్ నాలుగు చోట్ల పల్చటి ఫ్లోర్ రేకుకు బోల్టులతో వేలాడుతుంది. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా డిఫరెన్షియల్ మెలిపెట్టే బలం ఆ నాలుగు చోట్లకే చేరుతుంది. ఏళ్ల తరబడి అలా గుంజితే స్పాట్ వెల్డ్‌లు ఊడతాయి, రేకు అలిసి పగులుతుంది. క్లచ్‌ను తన్ని వదిలే డ్రిఫ్ట్‌లో ఇది ఇంకా తొందరగా వస్తుంది. అరిగిన బుష్‌లతో నడిపితే మరీ తొందరగా.

చెక్ చేసే పద్ధతి: బండిని లిఫ్ట్ మీద ఎక్కించి గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూఇటూ తిప్పుతూ రబ్బరు డిస్కులో పగుళ్లు చూడండి. తర్వాత డిఫరెన్షియల్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య ప్రై బార్ పెట్టి నెమ్మదిగా ఎత్తండి. డిఫ్ ఒక్కటే కదిలితే తప్పు దాని బుష్‌ది. సబ్‌ఫ్రేమ్ మొత్తం కదిలితే దాని బుష్‌లవి. సబ్‌ఫ్రేమ్‌తో పాటు ఫ్లోర్ రేకు కూడా పైకి లేస్తే, దొరికింది. నాలుగు బోల్టుల చుట్టూ మట్టిని వైర్ బ్రష్‌తో తీసేసి, టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. పగులు మొదట వెంట్రుక లాంటి గీత, దాని అంచున తుప్పు రంగు చార. మిగతా అడుగంతా పాతగా ఉండి ఆ నాలుగు చోట్ల మాత్రమే కొత్త నల్ల అండర్‌కోట్ పూసి ఉంటే, అది గీకి చూపించమనండి. ఒప్పుకోకపోతే బేరం అక్కడితో సరి. సబ్‌ఫ్రేమ్ దించితే తప్ప కనపడని పగుళ్లూ ఉంటాయి. కనుక ఏమీ కనపడకపోయినా, ఆ చోట్లను బలపరిచే ప్లేట్‌ల ఖర్చు మీ లెక్కలో వేసుకునే ధర చెప్పండి.

మరమ్మతు: బ్యాటరీ టెర్మినల్ తీసేయండి (ఈ46లో అది డిక్కీలో ఉంటుంది). వెనక సీటు, కార్పెట్ తీసి, పెట్రోల్ ట్యాంక్ దించండి. ట్యాంక్ ఉంచి వెల్డింగ్ చేసే షాపు చౌకగా అడిగినా బండి ఇవ్వకండి. సబ్‌ఫ్రేమ్ దించాక రంగు, సీలెంట్ గీకి, ప్రతి పగులు చివరన 3 మి.మీ. రంధ్రం వేస్తే పగులు ముందుకు పాకదు. పగులు వెల్డ్ చేసి, ఆ పైన నాలుగు చోట్లా బలపరిచే ప్లేట్‌లు వేయాలి. రెండు చోట్లే పగిలింది కదా అని రెండే వేస్తే బరువు మిగతా రెంటి మీదికి మారుతుంది. ఒకేసారి ఎక్కువ పొడవు వెల్డ్ చేస్తే రేకు వంకరపోతుంది, అందుకే కొంచెం కొంచెంగా, చోటు మారుస్తూ చేయాలి. ఆఖర్న ప్రైమర్, సీమ్ సీలర్. ఎలాగూ దించారు కనుక బుష్‌లన్నీ పాలీయూరిథేన్‌వి మార్చేయండి. అల్యూమినియం సాలిడ్ బుష్‌లు ప్లేట్‌లు వేసిన బాడీకే.

ఒకటి రెండు చిన్న పగుళ్లుంటే ధర తగ్గించుకుని కొనొచ్చు. బోల్టు కూర్చునే చోటే చిరిగి ఊడి వచ్చినా, తుప్పు తిన్నా వదిలేయండి. మిషిగన్, న్యూజెర్సీ లాంటి చోట చలికాలంలో రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. అక్కడివాళ్లు టెక్సాస్ బండి కోసం ప్రయాణ ఖర్చు పెట్టుకున్నా గిట్టుతుంది.

యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం దానంతటదే దారి మార్చడం, వెనక టైర్లు లోపలి అంచున అరగడం

వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని బాడీకి కలిపే చెయ్యి) బుష్‌లు అరిగాయి. కొత్తవి వేసేటప్పుడు పక్కకు కదలకుండా ఆపే లిమిటర్లు కూడా వేయించి, అలైన్‌మెంట్ చేయించండి. ఈ పని చేయకుండా డ్రిఫ్ట్ నేర్చుకుంటే, బండి చేసే తప్పును మీ తప్పనుకుని మీ అలవాటు చెడుతుంది.

టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, అయినా కూలెంట్ తగ్గుతోంది

ఈ46 మీటరు నిజం చెప్పదు. దాదాపు 75 నుంచి 115 డిగ్రీల దాకా ముల్లు నడిమధ్యలోనే నిలబడేలా కంపెనీయే చేసింది. అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. టెస్ట్ డ్రైవ్‌కి ఓబీడీ రీడర్ (ఇంజన్ కంప్యూటర్ రీడింగ్‌లు చూపే పరికరం) తీసుకెళ్లి అసలు టెంపరేచర్ ఫోన్‌లో చూడండి.

ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, థర్మోస్టాట్ హౌసింగ్, రేడియేటర్ మెడ అన్నీ ప్లాస్టిక్‌వే. వయసైతే పెళుసెక్కుతాయి. డ్రిఫ్ట్‌లో ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది, బండి అడ్డంగా నెమ్మదిగా పోతుంది, రేడియేటర్‌కి ఎదురుగాలి అందదు. అందుకే రోడ్డు మీద ఏళ్ల తరబడి నెగ్గుకొచ్చిన ట్యాంక్ ట్రాక్ మీద మొదటి రోజే పగలొచ్చు. రేడియేటర్, ట్యాంక్, మూత, రెండు హోస్‌లు, థర్మోస్టాట్, మెటల్ ఇంపెల్లర్ ఉన్న వాటర్ పంప్ అన్నీ ఒకేసారి మార్చండి. ఒకటొకటిగా మారిస్తే కొత్త పార్ట్ పక్కన పాతది పగులుతుంది.

కొత్త కూలెంట్ పోసి లోపలి గాలి తీసేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి, హీటర్ పూర్తి వేడి మీద, ఫ్యాన్ తక్కువ మీద పెట్టండి. బ్లీడ్ స్క్రూ వదులు చేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ 50:50 మిశ్రమం నెమ్మదిగా పోస్తూ ఉండాలి. స్క్రూ దగ్గర బుడగలు ఆగి నీళ్లే వస్తే బిగించండి.

కొనేముందు ఆయిల్ మూత లోపల పాలలాంటి జిగురు, చల్లటి బండిలో కూలెంట్ ట్యాంక్‌లో జిడ్డు ఉన్నాయేమో చూడండి. చలికాలంలో మూత కింద ఒక్క పల్చని జిగురును బట్టి తీర్పు చెప్పకండి, అది తేమ వల్ల కూడా వస్తుంది. బ్లాక్ టెస్టర్‌లో (కూలెంట్‌లోకి ఇంజన్ పొగ చేరిందేమో చూపే పరికరం) నీలం ద్రవం పసుపుకి మారితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయినట్టు. అల్యూమినియం బ్లాక్ వేడెక్కితే హెడ్ బోల్టు మరలే ఊడిపోవచ్చు. కాబట్టి గ్యాస్కెట్ ఖర్చుతో తీరే పని అనుకోవద్దు.

ఎక్కువ ఆర్‌పీఎంలో ఆయిల్ లైటు వెలిగింది

ముందు ఇంజన్ ఆపండి. ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉంటే, ఆయిల్ పంప్ గేర్‌ని పట్టే నట్టు వదులై పడిపోయి ఉండొచ్చు. గేరు తప్పుగా పడి ఇంజన్ పరిధి దాటి తిరిగిన బండ్లలో ఇది జరుగుతుంది. ముందు వైపు సబ్‌ఫ్రేమ్ దించి, ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) తీసి, నట్టును సరిగ్గా బిగించి సేఫ్టీ వైర్ కట్టాలి లేదా చిన్న వెల్డ్ టాక్ వేయాలి. ఇది ఎడమ మర, మామూలు వైపు తిప్పితే మరింత వదులవుతుంది. ట్రాక్ బండికి ముందుజాగ్రత్తగా చేయించుకోదగ్గ పని ఇది. ఎం54కి ఫిల్టర్‌తో కలిపి 6.5 లీటర్లు పడుతుంది. పాతవి కొంచెం ఆయిల్ తాగుతాయి, ప్రతి సెషన్‌కి ముందు స్టిక్ చూసి పై గీత దాకా ఉంచండి.

స్టీరింగ్ తిప్పితే ఏడుపు చప్పుడు, రిజర్వాయర్‌లో నురగ

డ్రిఫ్ట్‌లో స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరకు తిరుగుతుంది, పవర్ స్టీరింగ్ ద్రవం మరుగుతుంది. రిజర్వాయర్‌లోనే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని శుభ్రం చేయడం కంటే మొత్తం మార్చడమే మంచిది. మూత మీద ఏటీఎఫ్ అని ఉందా, సీహెచ్‌ఎఫ్ 11ఎస్ అని ఉందా చూసి అదే పోయండి. రెండూ కలపకూడదు. తర్వాత చిన్న కూలర్ బిగించండి.

ఒక్క వెనక చక్రమే పొగ కక్కడం

జబ్బు కాదు, తయారీలోనే అంతే. ఎం3 తప్ప మిగతా ఈ46లకు ఓపెన్ డిఫరెన్షియల్ (పట్టు తక్కువైన చక్రాన్నే తిప్పేసేది) ఇచ్చారు. ట్రాక్‌కి మాత్రమే వాడే బండికి వెల్డ్ చేసిన డిఫ్ (రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి) చవక. ఆఫీసుకీ ఇదే బండి అయితే క్లచ్ టైప్ లిమిటెడ్ స్లిప్ డిఫ్ (ఒక్క చక్రమే జారకుండా ఆపేది) తీసుకోండి. వెల్డ్ చేసినదైతే పార్కింగ్‌లో తిప్పినప్పుడల్లా టైర్లు కీచుమంటాయి.

హ్యాండ్ బ్రేక్ లాగినా చక్రాలు ఆగవు

వెనక డిస్క్ లోపల చిన్న డ్రమ్ ఉంటుంది, దాని షూలు సరిగా కూర్చోలేదు. చక్రం తీసి, బోల్టు రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి పళ్ల చక్రాన్ని డిస్క్ రాసుకునే దాకా తిప్పి, కొద్దిగా వెనక్కి వదలండి. హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేక్‌కి డబ్బు పెట్టే ముందు ఇది చేయండి, చాలామందికి ఇదే సరిపోతుంది.

ఈ46 దొరక్క నిస్సాన్ 350జెడ్ చూస్తుంటే

ఫ్లోర్ బెడద లేదు, బరువు మాత్రం ఉంది. 2003-04 బండ్లలో మూడో గేరు గీరుకుంటే సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే రింగు) అరిగింది, ఆయిల్ మారిస్తే పోదు. తర్వాత వచ్చిన సీడీ009 గేర్‌బాక్స్ వేయాలి. 2007-08 హెచ్‌ఆర్ ఇంజన్‌లో టైమింగ్ కవర్ వెనక ఆయిల్ దారి మీద ఉండే కాగితం గ్యాస్కెట్ పాడవుతుంది. బండిని బాగా వేడెక్కించాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు దాదాపు కిందికి పడితే అనుమానించండి. గ్యాస్కెట్ ధర తక్కువే, కవర్ ఊడదీసే కూలి చాలా ఎక్కువ. అందుకే ఆ రీడింగ్ చూశాకే ధర మాట్లాడండి.