మిల్లింగ్ యంత్రానికి సర్వోలు, 4వ పాఠం: డ్రైవ్ ఎంపిక

గత పాఠంలో, తిరిగే కత్తితో లోహాన్ని కోసే మిల్లింగ్ యంత్రంలో పని ముక్కను మోసే బల్లను నడపడానికి కావలసిన టార్క్‌ను లెక్కగట్టాము. 5 మిల్లీమీటర్ల పిచ్ గల బాల్ స్క్రూ మీద 1000 న్యూటన్ల బలానికి, స్క్రూ సామర్థ్యం 90 శాతమనుకుంటే, సుమారు 0.9 న్యూటన్ మీటర్లు చాలునని తేలింది. (మన డెల్టాలో మిల్లు అనగానే వడ్లు ఆడించేదే గుర్తుకు వస్తుంది కనుక ‘మిల్లింగ్ యంత్రం’ అనే వ్రాస్తున్నాను.)

400 వాట్ల ఏసీ సర్వో మోటారు సాధారణంగా నిమిషానికి 3000 చుట్ల వద్ద 1.27 న్యూటన్ మీటర్లను ఎడతెగకుండా ఇస్తుంది. వేగం పుంజుకునే క్షణాలలో దాదాపు మూడింతలు ఇవ్వగలదు. కాబట్టి ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కూ కదిలే బల్లకు 750 వాట్లు కొనడం, నా దృష్టిలో, డబ్బు దండగే. మోటారును, దానికి కరెంటు అందించి నడిపే డ్రైవ్‌ను ఒకే తయారీదారు జతగా తీసుకోవాలి; మోటారు ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ పంపే సంకేతాలు మరొకరి డ్రైవ్‌కు అర్థం కాకపోవచ్చు. ఈ పరిమాణం డ్రైవ్‌లలో చాలావరకు 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీదనే నడుస్తాయి. అయితే చెరువుల ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరిగే వేళ మీ ఊళ్లో వోల్టేజి పడిపోతుంటే, డ్రైవ్ ఎంత తక్కువ వోల్టేజి వరకు తట్టుకుంటుందో దాని పుస్తకంలో ముందే చూసుకోవాలి.

ఇక ఎక్కువమంది పొరబడే చోటు, కంట్రోలరు డ్రైవ్‌కు పంపే పల్సుల లెక్క. ఒక్కో పల్సుకు మోటారు ఒక్కో అడుగు తిరుగుతుంది. కాలువ నిండుగా పారుతున్నా, తూము వదిలినంత నీరే చేనుకు అందుతుంది. ఇక్కడ తూము మీ కంట్రోలరు. 2500 గీతల ఎన్‌కోడర్ నాలుగింతలై చుట్టుకు 10,000 గణనలిస్తుంది. డ్రైవ్‌ను అదే లెక్కకు వదిలేసి, పాత కంప్యూటరు ప్యారలల్ పోర్టు నుంచి సెకనుకు 25,000 పల్సులు పంపితే, మోటారు సెకనుకు రెండున్నర చుట్లే తిరుగుతుంది. అంటే నిమిషానికి 15 మీటర్లు పరుగెత్తగల బల్ల 750 మిల్లీమీటర్లు మాత్రమే జరుగుతుంది. అందుకే డ్రైవ్‌లో, చుట్టుకు ఎన్ని పల్సులో మార్చుకునే ఎలక్ట్రానిక్ గేర్ అమరిక ఉండి తీరాలి. దానిని చుట్టుకు 2000 పల్సులకు మారిస్తే, ఒక్కో పల్సుకు 2.5 మైక్రాన్ల అడుగు, నిమిషానికి 3.75 మీటర్ల వేగం లభిస్తాయి. అభిరుచి కోసం నడిపే యంత్రానికి ఈ రెండూ ధారాళం. 1000కి దించితే వేగం రెట్టింపవుతుంది గాని అడుగు 5 మైక్రాన్లవుతుంది, అది నాకు నచ్చదు. సెకనుకు కొన్ని లక్షల పల్సులిచ్చే బోర్డు చేతిలో ఉంటే ఈ బేరమే అక్కరలేదు. పల్సు తీగలు డిఫరెన్షియల్ జతలుగా (ఒకే సంకేతాన్ని ఒకదానికొకటి తలకిందులుగా మోసే రెండేసి తీగలుగా), కవచం గల కేబులులో రావాలి. లేకపోతే కత్తిని తిప్పే స్పిండిల్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ నుంచి వచ్చే విద్యుత్ గోల పల్సులలో కలుస్తుంది.

పైకీ కిందికీ కదిలే జడ్ అక్షానికి మాత్రం బ్రేకు గల మోటారే కొనండి. బాల్ స్క్రూ తనంతట తాను బిగుసుకోదు కనుక, కరెంటు పోయిన మరుక్షణం స్పిండిల్ తల బరువుకు కిందికి దిగి కత్తిని విరగ్గొడుతుంది. 24 వోల్టులు ఆగగానే స్ప్రింగుతో పట్టుకునే బ్రేకు అది. తలను నిలబెట్టి ఉంచడానికే గాని, తిరిగే మోటారును ఆపడానికి కాదు. దానిని వదలడానికీ పట్టడానికీ డ్రైవ్‌లో ప్రత్యేక అవుట్‌పుట్ ఉందా అని అడగండి. మూడు డ్రైవ్‌ల అలారం తీగలనూ కంట్రోలరు అత్యవసర నిలుపుదలకు కలపాలి. ఒక అక్షం ఆగిపోయినా మిగిలిన రెండూ కోస్తూ పోతే పని ముక్క పాడవుతుంది.

వచ్చే పాఠానికి ముందు మీ స్క్రూ పిచ్‌నూ, కంట్రోలరు పల్సుల పరిమితినీ కాగితం మీద వ్రాసి, పై లెక్కను మీ అంకెలతో మళ్లీ చేయండి. డ్రైవ్ ఎంత చురుకుగా స్పందించాలో నిర్ణయించే గెయిన్ల సవరణ ఆ కాగితంతోనే మొదలుపెడతాము.