డిజిటల్ స్క్రాప్‌బుక్: ఏ పేజీకి టెంప్లేట్, ఏ పేజీకి సొంత డిజైన్

డిజిటల్ స్క్రాప్‌బుక్ చేసే సాఫ్ట్‌వేర్ ఏది తెరిచినా ముందుగా కనిపించేది రెడీమేడ్ టెంప్లేట్ల వరుసే. వాటిలో ఒకదాన్ని ఎంచుకొని, ఖాళీ గడుల్లో ఫోటోలు వేసి, కింద నాలుగు మాటలు రాస్తే పావుగంటలో పేజీ తయారవుతుంది. తెల్ల పేజీ ముందు కూర్చొని సొంతంగా కట్టాలంటే అదే పేజీకి ఒక సాయంత్రం పట్టవచ్చు. అనంతపురంలో పెళ్లి ఆల్బమ్ పని ఎలాగూ స్టూడియో వాళ్లే చూసుకుంటారు కాబట్టి ఇంట్లో మనం చేసుకోవలసినవి మిగతావి: నాన్నగారి షష్టిపూర్తి, గృహప్రవేశం, పాప మొదటి ఏడాది, ఊరి జాతర, పొలం పనులు. ఇలాంటి ఆల్బమ్ మొదలుపెట్టేవారు టెంప్లేటా, సొంత డిజైనా అన్నది ఆల్బమ్ మొత్తానికీ ఒకేసారి తేల్చుకోవాలని చూస్తారు. నా ఉద్దేశంలో అది పేజీ పేజీకీ విడిగా తీసుకోవలసిన నిర్ణయం.

అందుకు ఒక తేలికైన పరీక్ష ఉంది. పేజీలోకి వెళ్లవలసిన ఫోటోలను తెరపై వరుసగా పెట్టి, వాటి స్థానాలను తారుమారు చేసి చూడండి. అర్థం ఏమీ మారకపోతే ఆ పేజీకి టెంప్లేట్ చాలు. షష్టిపూర్తి నాడు దంపతుల పక్కన బంధువులు వంతులవారీగా నిలబడి దిగిన ఫోటోలు ఇటువంటివే. ఏది ముందున్నా, ఏది వెనకున్నా తేడా లేదు. హోమం, కలశాభిషేకం, మాంగల్యధారణ ఉన్న పేజీలో మాత్రం వరుస తప్పితే చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది. ఎక్కడో కూర్చొని ఆ టెంప్లేట్ గీసినవారు ఈ వరుసను ఎరగరు. పెద్ద గడిని మధ్యలో పెట్టి, చుట్టూ చిన్న గడులు పేర్చి వదిలేస్తారు. అటువంటి పేజీని మనమే కట్టుకోవాలి.

టెంప్లేట్ వాడేటప్పుడు

టెంప్లేట్ అన్న పేరుతో దొరికేవన్నీ ఒకే రకం కావు. మొదటిది క్విక్ పేజీ: కాగితం, పూలు, రిబ్బన్లు అన్నీ ఒకే పీఎన్‌జీ బొమ్మగా కలిసిపోయి ఉంటాయి, ఫోటో కనిపించవలసిన చోట మాత్రం పారదర్శకంగా వదిలి ఉంటుంది, మన ఫోటోను దాని కింది లేయర్‌లో, అంటే కింది పొరలో, పెడితే సరిపోతుంది. ఇందులో మార్చుకోగలిగింది దాదాపు ఏమీ ఉండదు. రెండోది లేయర్లు విడివిడిగా ఉండే పీఎస్‌డీ టెంప్లేట్, అంటే ఫోటోషాప్ ఫైల్. ఇందులో ప్రతి గడీ ఒక ఆకారంగా ఉంటుంది. దానికి సరిగ్గా పై లేయర్‌లో ఫోటోను పెట్టి, ఫోటోషాప్‌లో కంట్రోల్, ఆల్ట్, జి కీలను కలిపి నొక్కితే ఫోటో ఆ ఆకారం మేరకే కనిపిస్తుంది. దీన్నే క్లిప్పింగ్ మాస్క్ అంటారు. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదే పనిని లేయర్ మాస్క్‌తో చేసుకోవచ్చు. మూడోది కిట్: కాగితాలు, అంచులు, బొత్తాలు, దారాలు వంటి విడి బొమ్మలు ఇస్తారు, అమరిక మన చేతిలో ఉంటుంది. డబ్బు పెట్టి కొనేటట్లయితే రెండో రకం కొనడం మేలు, ఎందుకంటే నచ్చని అలంకారాన్ని తీసేసి గడుల అమరికను మాత్రం ఉంచుకునే వీలు అందులోనే ఉంది.

టెంప్లేట్ ఎంచుకునేటప్పుడు అందం కంటే ముందు గడుల నిష్పత్తిని చూడాలి. ఫోన్లు తీసే ఫోటోలు సాధారణంగా 4:3 నిష్పత్తిలో, పెద్ద కెమెరాలు తీసేవి 3:2 నిష్పత్తిలో ఉంటాయి. 3:2 ఫోటోను చదరపు గడిలో వేస్తే అందులో మూడో వంతు, 4:3 ఫోటోను వేస్తే నాలుగో వంతు కోతకు పోతుంది. ఒంటరిగా నవ్వుతున్న పాప ఫోటోకు దీనివల్ల నష్టం లేదు. ఇరవైమంది వరుసగా నిలబడ్డ గ్రూప్ ఫోటోలో పోయేది రెండు చివర్ల మనుషులు. చివర నిలబడ్డ మేనత్త కనిపించని పేజీ ఎంత అందంగా ఉన్నా ఆ ఇంట్లో చెల్లదు. కనుక గ్రూప్ ఫోటోలకు అడ్డంగా సాగిన గడులు ఉన్న టెంప్లేట్‌నే వెతకాలి, లేదా గడి ఆకారాన్నే సాగదీయాలి.

తెలుగు రాత దగ్గర ఇంకొంత శ్రద్ధ అవసరం. చాలా టెంప్లేట్లలో శీర్షిక ఇంగ్లీషు గొలుసుకట్టు అక్షరాలలో ఉంటుంది. ఆ ఫాంట్‌లో తెలుగు అక్షరాలే ఉండవు కాబట్టి తెలుగు టైప్ చేయగానే ఖాళీ డబ్బాలు గానీ, పొంతన లేని మరో ఫాంట్ గానీ ప్రత్యక్షమవుతాయి. ముందుగా ఒక తెలుగు యూనికోడ్ ఫాంట్ వేసుకోవాలి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర అంటూ రాయల సభను తలపించే పేర్లున్న ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర లాంటి లావు అక్షరమూ, కింది రాతకు మండలి లాంటి తేలిక అక్షరమూ బాగుంటాయి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కకు పడుతుంటే తప్పు ఫాంట్‌ది కాదు: ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపులకు సంబంధించిన ఎంపికను, కొత్త కూర్పులలో అయితే వరల్డ్ రెడీ లేఅవుట్ అనేదాన్ని ఎంచుకోవాలి. ఆ తరువాత వరుసల మధ్య దూరం చూడాలి. ఇంగ్లీషు కోసం పెట్టిన దూరంలో పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. అక్షర పరిమాణానికి సుమారు ఒకటిన్నర రెట్లు దూరం పెడితే రాత ఊపిరి పీల్చుకుంటుంది. అక్షరాల మధ్య ఎడం కోసం టెంప్లేట్‌లో ఏదైనా అంకె పెట్టి ఉంటే దాన్ని సున్నాకు తేవాలి.

సొంత పేజీ కట్టడం

సొంత డిజైన్ అనగానే బొమ్మలు గీయడం రావాలని చాలామంది జంకుతారు. నిజానికి అందులో సింహభాగం కొలతల పనే. ఉదాహరణగా వేరుశనగ కోత పేజీనే తీసుకుందాం. అనంతపురం చుట్టుపక్కల ఊళ్లలో ఈ ఫోటోలు లేని ఫోన్ అరుదు, ఈ పేజీకి సరిపోయే టెంప్లేట్ అంతకంటే అరుదు. చెట్టు కింద ఇంటివాళ్లంతా కూర్చొని సద్ది తింటున్న ఫోటో ఒకటి, చెట్లు పీకుతున్నది, చెట్ల నుంచి కాయలు తెంపుతున్నది, కాయలు రాశి పోసినది మరో మూడు ఉన్నాయనుకోండి.

పేజీని 12 అంగుళాల చదరంగా, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తెరవండి. అంటే ఒక్కో వైపు 3600 పిక్సెళ్లు. నాలుగు వైపులా అర అంగుళం అంచు వదిలితే లోపల 11 అంగుళాలు మిగులుతాయి. దాన్ని నిలువుగా మూడు వరుసలు చేసి, వరుసల మధ్య పావు అంగుళం ఎడం ఉంచితే ఒక్కో వరుస సరిగ్గా 3.5 అంగుళాల వెడల్పు వస్తుంది. ఈ గీతలను గైడ్‌లుగా, అంటే తెరపై మాత్రమే కనిపించే సహాయ గీతలుగా, పెట్టుకోవాలి. కుడి వైపు వరుసలో 3.5 అంగుళాల చదరాలు మూడింటిని పావు అంగుళం ఎడంతో ఒకదాని కింద ఒకటి పెడితే అవి పై నుంచి కింది దాకా 11 అంగుళాలనూ నింపుతాయి. పీకడం, తెంపడం, రాశి పోయడం ఆ క్రమంలోనే పై నుంచి కిందికి వస్తాయి. ఇవి పనిని చూపే ఫోటోలు కాబట్టి చదరంగా కోసినా ఎవరి ముఖమూ పోదు. ఎడమ వైపు మిగిలిన రెండు వరుసలూ, మధ్య ఎడమూ కలిపితే 7.25 అంగుళాలు. సద్ది ఫోటో అడ్డంగా 4:3 నిష్పత్తిలో ఉంటే ఆ వెడల్పులో దాని ఎత్తు సుమారు ఐదున్నర అంగుళాలవుతుంది, ఏమీ కోయనక్కరలేదు. దాని కింద ఐదు అంగుళాల పైచిలుకు చోటు రాతకు మిగులుతుంది. ఏ చేను, ఏ సంవత్సరం, వాన ఎప్పుడు పడింది, ఎన్ని మూటలయ్యాయి, ఫోటోలో ఎవరెవరు ఉన్నారు అన్నవన్నీ అక్కడ రాయాలి. టెంప్లేట్లు రాతకు ఇచ్చేది సాధారణంగా రెండు వరుసల చోటే; ఆల్బమ్ చూసేవారు కొంతకాలానికి ఎక్కువగా వెతుక్కునేది మాత్రం ఈ వివరాలనే.

ఈ కొలతలు ముందే తెలిసి ఉండటం వల్ల ఫోటో నాణ్యత సరిపోతుందో లేదో కూడా తేలిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. 3.5 అంగుళాల చదరానికి 1050 పిక్సెళ్లు చాలు కాబట్టి అది అక్కడ నిక్షేపంగా సరిపోతుంది. అదే ఫోటోను 7.25 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 220 పిక్సెళ్లే వస్తాయి. చూడటానికి ఫరవాలేదుగానీ, పేజీ అంతా పరిస్తే మసకబారుతుంది. పెద్దగా వాడదలచుకున్న ఫోటోను తీసినవారినే అడిగి, డాక్యుమెంట్‌గా పంపించమనాలి. పాత ప్రింట్లను స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడితే 4 అంగుళాలు, 6 అంగుళాల ఫోటో 2400, 3600 పిక్సెళ్లుగా వచ్చి రెట్టింపు పరిమాణంలో అచ్చు వేయడానికి వీలిస్తుంది. జిగురు పేజీలకు అతుక్కుపోయిన ఫోటోలను పీకే ప్రయత్నం చేయకుండా పేజీతో సహా స్కాన్ చేయడం క్షేమం.

అలంకారం ఎక్కడి నుంచి

పేజీకి అంచులు, నేపథ్యం కావాలనుకుంటే కిట్ కొనేముందు ఒకసారి ఇంట్లో బీరువా తెరవండి. ధర్మవరం పట్టుచీర అంచు కంటే మంచి బార్డర్ ఏ కిట్‌లోనూ దొరకదు. స్కానర్‌పై పెడితే జరీ ఒక చోట తెల్లగా మెరిసి, పక్కనే నల్లబడుతుంది. దాని బదులు వరండా నీడలో చీరను ముడత లేకుండా పరచి, నేరుగా పై నుంచి ఫోటో తీయాలి. అంచులో ఒకే బుటా మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఒక బుటా మొదలైన చోటి నుంచి తరువాతి బుటా మొదలయ్యే చోటి వరకు కోసుకోవాలి. ఆ ముక్కను ఆఫ్‌సెట్ ఫిల్టర్‌తో సగం పక్కకు జరిపితే అతుకు మధ్యలోకి వచ్చి కనిపిస్తుంది. దాన్ని, పక్క భాగాన్ని నకలు చేసి పూసే క్లోన్ స్టాంప్‌తో సరిచేసి ప్యాటర్న్‌గా భద్రపరిస్తే ఎంత పొడవు అంచైనా అతుకు తెలియకుండా నింపవచ్చు. అలాగే శుభలేఖను స్కాన్ చేసి పేజీపై వేసి, లేయర్ పద్ధతిని మల్టిప్లైకి మారిస్తే తెల్ల కాగితం మాయమై, అక్షరాలూ మూలల్లో పూసిన పసుపు మరకా మాత్రమే నిలుస్తాయి. అమ్మమ్మ చేతిరాతలో ఉన్న ఉత్తరానికీ ఇదే పద్ధతి పనిచేస్తుంది.

అమరిక విషయంలో గడుల నుంచి బయటపడాలనుకునేవారు లేపాక్షి వీరభద్రాలయం మండపం కప్పును ఒకసారి తీరిగ్గా తలెత్తి చూడాలి. 16వ శతాబ్ది నాటి ఆ చిత్రాలలో కిరాతార్జునీయం వంటి కథలు పొడవైన పట్టీలుగా సాగుతాయి. చూసేవాడు నడుస్తుంటే కథ కూడా ముందుకు నడుస్తుంది. తేరు కదిలిన చోటి నుంచి తిరిగి వచ్చేదాకా వరుసగా తీసిన జాతర ఫోటోలను రెండు పేజీల మీదుగా సమానమైన ఎత్తులో ఒకే పట్టీగా సాగనివ్వడం ఈ పద్ధతిలో తేలిక. ఒక్క జాగ్రత్త: పుస్తకం మడత పడే మధ్య గీతపై మనుషుల ముఖాలు రానీయకూడదు. రంగుల కోసం విడిగా వెతకనక్కరలేదు. పేజీలోని ముఖ్యమైన ఫోటో నుంచే ఐడ్రాపర్‌తో రెండు రంగులు తీసుకొని శీర్షికకూ, అంచుకూ వాడితే సరిపోతుంది. కిట్‌లోని బొమ్మలు కలిపేటట్లయితే వాటి నీడలన్నీ ఒకే దిక్కుకు పడుతున్నాయో లేదో చూసుకోవాలి.

టెంప్లేట్ల హక్కుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వ్యక్తిగత వాడుకకు మాత్రమే అని రాసిన టెంప్లేట్‌తో డబ్బు తీసుకొని ఇతరులకు ఆల్బమ్ చేసి ఇవ్వకూడదు. అందుకు వాణిజ్య లైసెన్సు విడిగా తీసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారే పీఎస్‌డీ కట్టలకు సొంతదారు ఎవరో తెలియదు కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఒక సొంత పేజీ బాగా కుదిరితే దాన్ని అక్కడితో వదిలేయకండి. ఫోటోలు తీసేసి, గడులను, గైడ్‌లను, రాత శైలిని అలాగే ఉంచి వేరే పేరుతో భద్రపరిస్తే మన ఫోటోల నిష్పత్తికీ, మన లిపికీ తగిన టెంప్లేట్ తయారవుతుంది; రెండో ఏటి కోత పేజీకి పావుగంట చాలు.

అచ్చుకు ఇచ్చేముందు ల్యాబ్‌లో మూడు సంగతులు అడగాలి: షీట్ కొలత, కత్తిరింపు కోసం అంచున వదలవలసిన చోటు, కలర్ ప్రొఫైల్ (ఫైల్‌లో రంగులను నమోదు చేసే పద్ధతి). ఫోటో కాగితంపై వేసే ల్యాబులు సాధారణంగా ఎస్ఆర్‌జీబీ కోరతాయి, ఆఫ్‌సెట్ ప్రెస్సులు సీఎంవైకే కోరతాయి. ల్యాబ్ కంప్యూటర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లు మాత్రమే ఉంటే మన యూనికోడ్ రాత అక్కడ చెదిరిపోవచ్చు కాబట్టి లేయర్లున్న ఫైల్‌ను మన దగ్గరే ఉంచుకొని, లేయర్లు కలిపేసిన అత్యధిక నాణ్యత గల జేపెగ్‌లను 01, 02 అని వరుస సంఖ్యలతో ఇవ్వాలి. మొత్తం ఆల్బమ్ వేయించేముందు రాత ఎక్కువగా ఉన్న పేజీ ఒకటి, చీకటి ఫోటో ఉన్న పేజీ ఒకటి నమూనాగా అచ్చు వేయించి, పగటి వెలుతురులో చూసి, ఫోటోలు తెరపై కంటే నల్లగా వచ్చి ఉంటే మిగతా పేజీలన్నిటిలో వెలుతురును ఆ మేరకు పెంచి అప్పుడు ఫైళ్లు అప్పగించాలి.