పాత ల్యాప్‌టాప్ పాఠాలు – 3: ర్యామ్ వేశాక చూడాల్సిన సెట్టింగులు

పోయిన పాఠంలో 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇంకో 4 జీబీ బిగించాం. విండోస్ దాన్నంతా వాడుకుంటోందా, ప్రాసెసర్ ఎంత వేగంతో నడుస్తోంది అనేవి ఈసారి చూద్దాం. ఏదైనా మార్చే ముందు ఇప్పుడున్న అంకెలు కాగితం మీద రాసుకోండి. వెనక్కి వెళ్లాల్సి వస్తే అవే దిక్కు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి, 'స్పీడ్' దగ్గర చూడండి. పాత ర్యామ్ 1333, కొత్తది 1600 అయితే రెండూ 1333 దగ్గరే నడుస్తాయి. దీన్ని పెంచే వీలు చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) ఉండదు. బాధపడకండి. ర్యామ్ చాలక డిస్క్ మీద పడే భారం తగ్గడమే అసలు లాభం, ఈ తేడా దాని ముందు చాలా చిన్నది. సీపీయూ-జెడ్ (ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపే ప్రోగ్రామ్) లో చూసేవాళ్లకు 1333 బదులు 666 దగ్గర కనిపిస్తుంది. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి ఆ అంకె సరైనదే.

అదే పేజీలో 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' అని ఉంటుంది. కొన్ని వందల ఎంబీ గ్రాఫిక్స్‌కు పోవడం మామూలే. సగం ర్యామ్ అక్కడికే పోయిందంటే మాత్రం వదలకూడదు. 32 బిట్ విండోస్ అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు, 64 బిట్ వేసుకోవాల్సిందే. 64 బిట్ ఉన్నా అలాగే ఉంటే ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ మొదలయ్యే తీరును మార్చే ప్రోగ్రామ్) తెరిచి, బూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ చూడండి. నా ల్యాప్‌టాప్‌లో 'మ్యాగ్జిమమ్ మెమరీ' దగ్గర ఎప్పుడో పెట్టిన టిక్ అలాగే ఉండిపోయింది, పక్కన 4096. కొత్త ర్యామ్ పాడైందనుకుని రెండుసార్లు ఊడదీసి బిగించాను. టిక్ తీసి రీస్టార్ట్ చేయగానే 8 జీబీ వచ్చింది. పక్కనే ఉన్న 'నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్' కూడా ఖాళీగానే ఉంచండి. అక్కడ 4 పెడితే వేగం పెరుగుతుందని చాలామంది చెబుతారు, అది నిజం కాదు. విండోస్ ఎలాగూ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలన్నిటినీ, అంటే అన్ని కోర్లూ వాడుతుంది. ఆ ఆప్షన్ పరీక్షల కోసం కోర్లు తగ్గించడానికి పెట్టింది.

ఇక ప్రాసెసర్. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి 'ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్' తెరవండి. మినిమమ్ 5 శాతం, మ్యాగ్జిమమ్ 100 ఉంటే చాలు. వేగం కోసమని మినిమమ్‌ను 100 చేయకండి. పని లేనప్పుడు కూడా ప్రాసెసర్ నెమ్మదించదు, వేడి, బ్యాటరీ ఖర్చు పెరుగుతాయి.

ల్యాప్‌టాప్ బాగా కాలుతుంటే మ్యాగ్జిమమ్ 99 పెట్టి చూడండి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో దీంతో టర్బో, అంటే అవసరమైనప్పుడు మామూలు వేగాన్ని మించి నడవడం, ఆగిపోతుంది. ఐ5-3320ఎం తీసుకుంటే, 3.3 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకేది 2.6 దగ్గర ఆగుతుంది. వేడి తగ్గుతుంది, ఫ్యాన్ చప్పుడూ తగ్గుతుంది. రాతపనికి, బ్రౌజింగ్‌కు ఆ తేడా దాదాపు తెలియదు.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీ తెరిచి పెట్టుకుని, పది నిమిషాలు బరువైన పని ఏదైనా చేయించండి. వాడకం 100 శాతం ఉన్నా వేగం 1.2కు పడిపోతోందంటే చాలాసార్లు కారణం వేడే. ఏ సెట్టింగూ దాన్ని బాగు చేయదు, ఫ్యాన్ శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ మార్చాలి. అది వచ్చే పాఠం. ఈలోగా మ్యాగ్జిమమ్ 100 దగ్గర, 99 దగ్గర ఆ పది నిమిషాల్లో కనిపించిన అతి తక్కువ వేగం రాసి ఉంచండి, పేస్ట్ మార్చాక పోల్చి చూద్దాం.