క్యూజీఐఎస్‌లో అధ్యయన ప్రాంతాన్ని గుర్తించి డేటాను సిద్ధం చేయడం ఎలా?

మ్యాపులు తయారుచేసి విశ్లేషించే ఈ సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక మాట రాసి పెట్టుకోండి: ఈ మ్యాప్‌తో ఏం తేల్చాలి? హద్దు ఆ ప్రశ్నను బట్టే ఉంటుంది. వరద గురించైతే పరీవాహక ప్రాంతాన్ని తీసుకోవాలి. నీటికి పాలనా సరిహద్దులు పట్టవు. జనాభా గురించైతే పాలనా సరిహద్దులే మేలు, లెక్కలు సేకరించేది వాటి ప్రకారమే కాబట్టి.

హద్దు లేయర్ (మ్యాప్‌లో ఒక పొర) దొరికితే కావలసిన పాలిగాన్‌ను (మూసిన ఆకారాన్ని) ఎంచుకుని వేరే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. లేకపోతే కొత్త పాలిగాన్ లేయర్ తెరిచి మీరే గీయండి. ఏ దారి పట్టినా జియోప్యాకేజ్ అనే ఫైలు రకంలో సేవ్ చేయమనే నా సలహా. అంతా ఒకే ఫైలులో ఉంటుంది, షేప్‌ఫైల్ అనే పాత రకంలోలా కాలమ్ పేర్లు 10 అక్షరాల దగ్గర తెగిపోవు.

తర్వాత నిరూపక వ్యవస్థ (సీఆర్‌ఎస్), అంటే భూమి మీది చోటును అంకెల్లో చెప్పే పద్ధతి. ఇక్కడ తొందరపడకండి. డౌన్‌లోడ్ చేసిన డేటా చాలావరకు ఈపీఎస్‌జీ 4326 అనే కోడ్ ఉన్న వ్యవస్థలో, అంటే డిగ్రీల్లో ఉంటుంది. దానికి బఫర్ (చుట్టూ కొంత దూరం వరకు పట్టీ) వేస్తూ 500 అని ఇస్తే సాఫ్ట్‌వేర్ 500 డిగ్రీలనే అర్థం చేసుకుంటుంది. మీటర్లు కావాలంటే, ప్రాంతం మరీ పెద్దది కానప్పుడు, యూటీఎం జోన్ సరిపోతుంది; ఈ వ్యవస్థ భూమిని 6 డిగ్రీల వెడల్పు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలుస్తుంది. తూర్పు రేఖాంశం 20 డిగ్రీలు అనుకుందాం: 180 కలిపితే 200, దాన్ని 6తో భాగిస్తే 33.3, కాబట్టి 34వ జోన్. ఉత్తరార్ధగోళంలో దాని కోడ్ 32634, దక్షిణార్ధగోళంలో 32734.

మార్చడానికి వెక్టర్‌కు (బిందువులు, గీతలు, ఆకారాల డేటా) ‘రీప్రాజెక్ట్ లేయర్’, రాస్టర్‌కు (గడుల డేటా) ‘వార్ప్’ వాడండి. ‘సెట్ లేయర్ సీఆర్‌ఎస్’ జోలికి పోవద్దు; అది నిరూపకాలను మార్చదు, పేరు మాత్రమే మారుస్తుంది. లేయర్లు తెరమీద ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చున్నాయని కూడా నమ్మకండి, క్యూజీఐఎస్ వాటిని చూపించేటప్పుడు తానే సర్దుతుంది. ప్రతి లేయర్ ప్రాపర్టీస్ విడిగా చూడాల్సిందే.

వార్ప్‌లో రీసాంప్లింగ్ పద్ధతి, అంటే కొత్త గడుల విలువలు ఎలా తీయాలో, అడుగుతుంది. ఎత్తులకు పక్క గడుల సగటు తీసే బైలీనియర్ బాగుంటుంది. భూవినియోగానికి మాత్రం దగ్గరి గడి విలువనే తీసుకునే నియరెస్ట్ నైబరే వాడాలి. కోడ్‌లలో 1 అడవి, 2 పొలం, 3 నీరు అయితే, సగటు తీసే పద్ధతి అడవికీ చెరువుకూ మధ్య 2ను పుట్టిస్తుంది. నేల మీద లేని పొలం మ్యాప్‌లో గట్టు పొడవునా మొలుస్తుంది.

ఇప్పుడు హద్దు చుట్టూ బఫర్ వేసి, దానితో డేటాను కత్తిరించండి. వాలు లెక్కకు ప్రతి గడికీ పక్క గడుల విలువలు కావాలి. హద్దు దగ్గరే కోసేస్తే అంచుల్లో ఫలితం చెడుతుంది. అసలు హద్దుతో కోయడం విశ్లేషణ అయ్యాకే. వెక్టర్ క్లిప్ మధ్యలో ఆగిపోతే ముందుగా ఆకారాల్లో తప్పులు సరిచేసే ‘ఫిక్స్ జామెట్రీస్’ నడపండి.

ఆఖరున ఎత్తుల రాస్టర్‌లో కనిష్ఠ విలువ చూడండి. -9999 కనిపిస్తే ఖాళీ గడులను సాఫ్ట్‌వేర్ లోయలుగా లెక్కిస్తోందన్నమాట. ‘ట్రాన్స్‌లేట్’ టూల్‌లో దాన్ని నోడేటా విలువగా (ఖాళీ గడి అని చెప్పే గుర్తుగా) ఇచ్చి, వచ్చిన కొత్త ఫైలుతోనే పని మొదలుపెట్టండి.